జోవియా వైపు మనిషి

మా గండా వాళ్ళలో ఆడపిల్లకు పెళ్ళి కుదిరితే తల్లికి పెద్దగా పనుండదు. భారమంతా మేనత్తదే. మేనత్తను మేం సెంగ అంటాం. కంపాలాలో ఇప్పుడు సొంత మేనత్తలకు తీరిక లేక బయటి సెంగలను పిలిపించుకుంటున్నారు. అలా పిలిపించుకునే సెంగల్లో నాకు మంచి పేరు. నా పేరు ఎసెజా. అరవై మందికి పైగా పిల్లలను తయారుచేసి అత్తవారిళ్ళకు పంపాను. మొగుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎలా పలకరించాలో, ఏ మాటకు నవ్వాలో, ఏ కోపానికి తల వంచాలో అన్నీ నేర్పాను. వాళ్ళలో ఒక్కతీ తిరిగి రాలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఎఫ్ఎం రేడియోకి పిలిస్తే అక్కడా అదే చెప్పాను. అదే కార్యక్రమంలో స్త్రీవాదుల మీద గంటసేపు జోకులు వేశాను. ఫోన్లు చేసినవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

జోవియా మా అన్న కూతురు. అన్న, వదిన పోయాక ఆ పిల్లకు అన్నీ నేనే. పెళ్ళికి ముందు పరిచయాల రోజున, మగపెళ్ళివారి తరఫున వచ్చి కూర్చున్న గుంపులోంచి పెళ్ళికొడుకును వెతికి పట్టుకోవాల్సింది సెంగే. అందరూ ఒకేలాంటి తెల్లటి పొడుగు అంగీలు తొడుక్కుని వరసగా కూర్చున్నారు. ఎవరో నాకు తెలుసు, అయినా కావాలని వరసల మధ్య తిరిగి, ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళను ఆటపట్టించి, చివరికి పెళ్ళికొడుకు కిగ్గుండు ముందు ఆగి అతని గుండె మీద పువ్వు గుచ్చాను. పందిరంతా ఈలలు, కేకలు. ఇతనే మా అల్లుడని నలుగురిలో పలికింది నా నోరే.

నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ పిల్లను ఆస్పత్రి నుంచి ఎన్డీబాలోని నా ఇంటికి తెచ్చుకున్నాను. ప్రాణం తీసుకోబోయింది. పక్కింటావిడ సమయానికి చూడబట్టి దక్కింది. అక్కడి డాక్టరు నన్నూ, జోవియా అన్న మతియానూ పక్కకు పిలిచాడు. ఒంటికి చేయాల్సింది చేశామనీ, ఇక ఈమెతో కూర్చుని మాట్లాడే మనిషిని వెతకమనీ, ఆలస్యం చేస్తే మళ్ళీ అదే పని చేస్తుందనీ చెప్పాడు. మతియా ఆ మాట విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. సెంగను కదా, ఇలాంటివి చక్కబెట్టడమే నా పని అనుకున్నాను.

ఆ నాలుగేళ్ళలో జోవియా మూడుసార్లు అలిగి నా దగ్గరికి వచ్చిన మాట నిజం. వచ్చిన ప్రతిసారీ కడుపునిండా పెట్టి, బుద్ధి చెప్పి వెనక్కి పంపాను. ఏ సెంగ అయినా చేసేది అదే.

ఇప్పుడు ఆ పిల్ల నోట మాట లేదు. పొద్దున్నే లేచి, నేను నేర్పినట్టే మోకాళ్ళ మీద కూర్చుని నాకు దండం పెట్టేది. తర్వాత చాప మీద గోడకు మొహం పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేది. పచ్చి అరటికాయలు ఉడికించి మటోకే ముద్ద చేసి వేరుశెనగ పులుసు పోసి ముందు పెడితే అది అలాగే చల్లారి గడ్డకట్టేది. పెళ్ళికి ముందు బళ్ళో మూడో తరగతికి పాఠాలు చెప్పిన పిల్ల. దాని గొంతు బడి గేటు దాకా వినిపిస్తుందని హెడ్మాస్టరు నవ్వేవాడు. ఉద్యోగం మానమన్నది కిగ్గుండు. మానెయ్యవే, మొగుడి మాట కంటే బడి ఎక్కువా అన్నది నేను.

ముందు మా పాస్టరుగారి భార్యను పిలిచాను. ఆలుమగల గొడవలు తీర్చడంలో ఆమె దిట్ట. జోవియా చేయి పట్టుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. కళ్ళు తెరిచాక, ఆయనకు ఇష్టమైన కూర ఆఖరిసారి ఎప్పుడు వండావమ్మా అని అడిగింది. నిజం చెప్పాలంటే అది నా ప్రశ్నే. అలిగొచ్చిన పిల్లలందరినీ నేను మొదట అడిగే ప్రశ్న. కానీ ఎముకల గూడులా ఉన్న పిల్లను పట్టుకుని ఇంకొకరి నోటి నుంచి అది వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. టీ కూడా ఇవ్వకుండా ఆవిణ్ణి పంపేశాను.

తర్వాత టౌన్లో ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ నిండా సర్టిఫికెట్లు, మెడలో టై. రెండు వైపులా వినందే తను ఏమీ చెప్పలేనన్నాడు. మేం వద్దనే లోపే ఫారంలో ఉన్న నంబరు చూసి కిగ్గుండుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "హలో, ఎవరూ?" అన్న గొంతు వినిపించగానే జోవియా కూర్చున్న కుర్చీలోనే బట్టలు తడుపుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. నా పైగుడ్డ దాని నడుముకు చుట్టి బయటికి నడిపించుకొచ్చాను. రెండు వైపులా వినాలట. ఆ కుర్చీని చూశాక కూడా ఆ మనిషికి ఇంకా వినాల్సింది మిగిలే ఉంది. ఇంటికి వచ్చే టాక్సీలో దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. ఈ పిల్లకు రెండు వైపులా వినేవాళ్ళు వద్దు, దీని వైపు మనిషి కావాలి అని మొదటిసారి నాకు నేనే అనుకున్నది ఆ టాక్సీలోనే.

అప్పుడు రొబీనా గుర్తొచ్చింది. నేను తయారుచేసిన పిల్లల్లోనే ఒకతె, లాయరు ఆఫీసులో పనిచేస్తుంది. నలుగురూ తెలిసిన మనిషి కదా అని వెళ్ళి అడిగాను. ఏం చేశావని ఆడదాన్ని నిలదీయని డాక్టరు ఎవరైనా ఉన్నారా అన్నాను. రొబీనా చేతిలో పెన్ను పక్కన పెట్టింది.

"ఉన్నారు. కానీ ఆవిడ స్త్రీవాది. మీరు రేడియోలో కడిగేశారే, ఆ జాతి. పర్లేదా సెంగా?"

"మొగుణ్ణి వదిలేసి సిగరెట్లు తాగుతుందా?"

"సిగరెట్ల సంగతి తెలీదు. నాతో మాట్లాడినప్పుడు తాగలేదు."

నువ్వెందుకు వెళ్ళావని అడిగాను. రొబీనా కాగితాలు సర్దుకుంటూ, "నేను తిరిగొచ్చేసి రెండేళ్ళయింది సెంగా. మీరు ఒక్కతీ తిరిగి రాలేదని అందరికీ చెప్పుకుంటుంటే, మీ మాట ఎందుకు పోగొట్టాలని చెప్పలేదు" అంది. చీటీ మీద రాసిచ్చిన నంబరు తీసుకుని వచ్చేశాను.

ఆ డాక్టరు పేరు లామ్వాకా. ఉత్తరాది మనిషి, మా భాష కొంచెం యాసగా మాట్లాడుతుంది. ఫోన్లో నేను జరిగిందంతా చెప్పాక, ఆమెకు రావాలని ఉందా అని అడిగింది. ఉందో లేదో దానికేం తెలుసు, నేను తీసుకొస్తున్నానుగా అన్నాను. ఒక్కసారి అడిగి చూడండి అంది. వింత మనిషి అనుకుంటూనే అడిగాను. జోవియా గోడ వైపు నుంచి మొహం తిప్పి చూసింది. తల ఊపింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అది నాకు ఇచ్చిన మొదటి జవాబు. వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

కిసాసీలో జడలల్లే సెలూన్ పైన రెండు గదులు ఆవిడవి. భుజాలు కోటకొమ్మల్లా నిక్కి నిలబడే నా పట్టు గౌను, గోమెసి, తొడుక్కుని, నడుముకు వెడల్పాటి పట్టీ బిగించి పెద్దింటి మనిషిలా వెళ్ళాను. మా పద్ధతిలో సెంగ ఉన్నచోట పిల్ల నోరు విప్పదు. దాని నోరు సెంగే. కూర్చోగానే మొదలుపెట్టి పెళ్ళి దగ్గర నుంచీ చెప్పుకొచ్చాను. లామ్వాకా అంతా విని, "థాంక్స్ అమ్మా. ఇప్పుడు జోవియా ఏమంటుందో విందాం" అంది. జోవియా నా వైపు చూసింది. మాట్లాడు అన్నట్టు తల ఊపాను. అయినా నా వైపే చూస్తూ ఉంది. మళ్ళీ ఊపాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

లామ్వాకా లేచి తలుపు తీసింది. నన్ను కాసేపు బయట కూర్చోమంది. మర్యాదగానే అంది. అయినా చెంప మీద కొట్టినట్టయింది. నేను దాని సెంగను అన్నాను. "తెలుసమ్మా. అందుకే" అంది.

బయట బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి తలుపు అవతల ఒక ఏడుపు వినిపించింది, చిన్నపిల్లలు ఏడ్చినట్టు వెక్కి వెక్కి. లేచి తలుపు దాకా వెళ్ళి చేయి వేశాను. ఎందుకో తెరవలేదు. కూర్చున్నాను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళాం. ప్రతిసారీ నాకు బల్లే. మూడో వారం జోవియా సగం ముద్ద తింది. అయిదో వారం మతియాతో ఫోన్లో మాట్లాడుతూ చిన్నగా నవ్వింది. నేను లోపలికి రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఇంకో వారానికి దండం పెట్టడానికి మోకాళ్ళ మీద కూర్చోవడం మానేసింది. నిలబడే, "రాత్రి బాగా పడుకున్నావా సెంగా" అని పలకరించేది. వేరే రోజుల్లో అయితే చెవి మెలేసేదాన్ని. ఇప్పుడు అది మాట్లాడుతోందన్న సంతోషంలో ఏమీ అనలేదు. పోనీలే, ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ నేర్పుకోవచ్చులే అనుకున్నాను కూడా. అంత గుడ్డిగా ఉన్నాను.

రెండు నెలలయ్యాక లామ్వాకా నన్ను లోపలికి పిలిచింది. జోవియా మీతో ఒక మాట చెప్పాలనుకుంటోంది, మధ్యలో ఆపకుండా వినగలరా అని అడిగింది. ఎందుకు వినను, దాని నోట మాట కోసమే కదా ఇన్నాళ్ళూ తిరిగాను అన్నాను. జోవియా నాకు ఎదురుగా కూర్చుంది.

"మూడోసారి వచ్చినప్పుడు నా వీపు చూశావు సెంగా. నువ్వే జాకెట్టు విప్పి చూశావు. నెయ్యి రాశావు. రాస్తూ ఏడ్చావు. నీ కన్నీళ్ళు నా మెడ మీద పడ్డాయి. అమ్మయ్య, చూసేసింది, ఇంక పంపదు అనుకున్నా. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయా. లేచేసరికి ఆయన మన ముందు గదిలో కూర్చుని అన్నం తింటున్నాడు. నువ్వే ఫోన్ చేశావు. నువ్వే వడ్డిస్తున్నావు."

ఆపకూడదని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. "మేమందరం అలాగే బతికాం కదే" అన్నాను.

"ఆ రోజూ అదే అన్నావు."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. కొట్టింది ఆయనేననీ, కానీ ఆ ఇల్లు వదిలితే ఈ భూమి మీద ఇంకో చోటు లేదని తనకు నమ్మకం కలిగించింది నేనేననీ, కల్లో ఇప్పటికీ ఆయన కంటే ఎక్కువగా ఆ అన్నం గిన్నె పట్టుకున్న నా చేయే కనిపిస్తుందనీ. మసాకాలో తనతో కలిసి పనిచేసిన టీచరు ఉందనీ, అక్కడికి వెళ్ళిపోతాననీ, తనంతట తను చేసేదాకా నన్ను ఫోన్ చేయొద్దనీ అడిగింది. లామ్వాకా దాని పక్కనే కూర్చుని ఉంది. పాస్టరమ్మనూ టై వాణ్ణీ తిట్టుకుంటూ ఊరంతా తిరిగి నేను వెతికి తెచ్చిన మనిషి ఆవిడ. ఆ పిల్ల వైపు మనిషి కావాలని కోరుకున్నాను. దానికి ఒక వైపు ఉందంటే ఇంకోవైపు కూడా ఎవరో ఉంటారని నాకు తట్టలేదు. కిగ్గుండు ఒక్కడే ఉన్నాడనుకున్నాను.

క్షమించమని అడగబోయాను. ఎలా అడగాలో తెలియలేదు. అరవై మంది పిల్లలకు మొగుళ్ళను ఎలా క్షమాపణ అడగాలో నేర్పినదాన్ని, ఒక ఆడపిల్లను ఎలా అడగాలో నాకే రాలేదు. "అలాగేనమ్మా" అని మాత్రం అన్నాను. అదే శనివారం మతియా వచ్చి చెల్లెల్ని మసాకా బస్సు ఎక్కించాడు. నేను గుమ్మం దాకానే వెళ్ళాను.

ఏడు నెలలు గడిచాయి. నాకు ఫోన్ రాలేదు. మతియా ఆదివారాలు వస్తాడు, కూర్చుని టీ తాగుతాడు. జోవియా మళ్ళీ బడిలో చేరిందట, ఈసారి అయిదో తరగతి. రాత్రిళ్ళు నిద్ర పడుతోందట. నేను చెవులు రిక్కించి వింటాను, తిరిగి ఏమీ అడగను. నిన్న మాత్రం ఉండబట్టలేక, నా గురించి ఎప్పుడైనా అడిగిందా అన్నాను.

మతియా కప్పు కింద పెట్టాడు. "అడిగింది సెంగా."

ఏమని అడిగిందన్నాను.

"నువ్వు ఇంకా పెళ్ళికూతుళ్ళకు పాఠాలు చెబుతున్నావా అని. లేదని చెప్పా."

వాడు అబద్ధమాడాడని వాడికి తెలియదు. జోవియా వెళ్ళాక నేను నలుగురు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇల్లు గడవాలి కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ, అవే మాటలు, అదే వరసలో. వచ్చే శనివారం ముటుండ్వేలో ఇంకో పిల్ల ఉంది, ఇరవై రెండేళ్ళది.

ఈ పొద్దున ఆ పిల్ల తల్లికి ఫోన్ చేశాను. రాలేనని చెప్పాను. పెళ్ళి ఇంత దగ్గర పెట్టుకుని ఇలా అంటే ఎలా సెంగా అని ఆమె గాభరా పడింది. తర్వాత గొంతు తగ్గించి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అవునన్నాను.