అత్త నాలుక

నల్లమ్మ నోరు మూతపడిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కోడి కూయకముందే మొదలై దీపం ఆర్పేదాకా ఆడే నోరది. దాన్ని మూయించింది కొత్త కోడలు సుంకమ్మ. కావాలని కాదు పాపం, ఒక చెట్టు పేరు చెప్పి.

ఆ ఏడూ వానల్లేవు. సేద్యం లేక సుంకమ్మ కదిరి బంగళాలో ఊడ్చే పనికి పోయేది. అక్కడ తోట చూసే జమాల్ సాబ్ ఆమెకో మొక్క ఇచ్చాడు. నిటారుగా నిలబడిన మందపాటి ఆకులు, అంచున పసుపు గీత.

"దీన్ని ఇంగ్లీషోళ్ళు అత్త నాలుక అంటారమ్మా. చెట్లకూ ఇంటిపేర్లు ఉంటాయంట, కాలేజీ అయ్యవారు చెప్పినాడు. మన గుట్టమీద నార తీసే చాగకూ దీనికీ ఇంటిపేరు ఒకటే, సాన్సెవీరియా. అది ఈడ పుట్టింది, ఇది యాడినుంచో వచ్చి చేరింది. అంతే తేడా."

సుంకమ్మ మొదటి ముక్కకే పగలబడి నవ్వింది. బావి దగ్గరికి ఆ ముక్క ఒక్కటే మోసుకుపోయింది. ఊరి నోళ్ళకు అది చాలదా? పొద్దు గూకేసరికి, కోడలు అత్త నాలుకను కుండలో నాటిందన్న మాట నల్లమ్మ చెవిన పడింది.

నల్లమ్మ తిట్టలేదు. "మీ నాయనకు కబురు చేసినా. బేస్తవారం వచ్చి పిల్చుకపోతాడు" అని నోరు కట్టేసుకుంది. కొడుకు ఈరప్ప నోట్లో నాలుక లేని మనిషి. తల్లికీ చెప్పలేడు, పెళ్ళానికీ చెప్పలేడు.

ఇల్లు బావురుమంది. సంకటి కెలకడం దగ్గర్నుంచి సుంకమ్మ అన్నీ ఆ తిట్లలోనే నేర్చుకుంది. తిట్టి తిట్టి చివరికి "తిని చావు" అంటూ పెద్ద ముద్ద పెట్టేదీ ఆవిడే. ఆమెను విడిచి పోవాలంటే సుంకమ్మకు ఏడుపొచ్చింది. ఈ మొక్క ఎండితే అత్త నోరు ఇక తెరుచుకోదేమోనని ఒక పిచ్చి భయం. తన వంతు నీళ్ళు కూడా దానికే పోసింది.

బేస్తవారం కొండప్ప వచ్చి, కూతురి మూట పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పోయే ముందు సుంకమ్మ మొక్కకు ఇంకో చెంబు వంచింది. ఒక ఆకు మొదలు మెత్తబడి వాలిపోయింది.

"నీ చేతులు పడిపోను!" నల్లమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "తాగను నీళ్ళు లేక మనుషులు అల్లాడతాంటే చెట్టుకు పోస్తావా? దీనికి నీళ్ళెక్కువైతే కుళ్ళదా? మీ అమ్మ ఏం నేర్పినాదే నీకు?"

ఆ ఊపులోనే వాలిన ఆకును లాగి, గోటితో గీరింది. లోపలినుంచి తెల్లని నార వచ్చింది. పడుచుదనమంతా గుట్టమీది నారతో మోకులు పేనిన చేతులవి, ఇట్టే గుర్తుపట్టాయి.

"ఇది చాగ కదే!"

"చాగే అత్తా. ఇంటిపేరు ఒకటేనంట." సుంకమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "అది ఈడ పుట్టింది, ఇది యాడినుంచో వచ్చి చేరింది. జమాల్ సాబ్ ఆ మాటా చెప్పినాడు. నేనే సగం చెప్పి నవ్వినా."

నల్లమ్మ నారను రెండు చేతులా పట్టి గుంజి చూసింది. తెగలేదు.

"నాలుకకు నరం లేదన్నోళ్ళు వచ్చి దీన్ని చూడాల. లోపలంతా నారే. మోకు పేనితే ఎద్దు గుంజినా తెగదు." కొండప్ప వైపు తిరిగింది. "ఏమప్పా, ఆ మూట లోపల పెట్టు. సంకటి తిని పో. ఒక్కడివే పో."