గోడకు వేయని జంపఖానా

బుచ్చిరాములు పంజా ఎత్తి దించుతూనే ఉన్నాడు. పంజా అంటే ఇనుప గోళ్లున్న చెయ్యి లాంటిది. అడ్డంగా వేసిన నూలును దానితో కొట్టి కొట్టి బిగించాలి. ఆ చప్పుడు వినిపిస్తేనే మట్టెవాడలో ఆ సందుకు తెల్లవారినట్టు. వంగిన వీపు, ఎన్ని స్నానాలకూ నీలం వదలని గోళ్లు, ఎడమదానికంటే కాస్త లావైన కుడిభుజం. ఎవరింట పెళ్లయినా, పంచాయితీ అయినా ఆయన జంపఖానా మీదే జనం కూర్చునేవారు. ఆయనింట్లో మాత్రం ఈతచాపే. నేసినవాడికి పరుచుకునే యోగం ఉంటుందా, చెప్పండి!

పంతొమ్మిదివందల డెబ్బయ్యెనిమిది ఎండాకాలం కాబోలు. బుచ్చిరాములుకు చూపు ఆనడం లేదు, మగ్గం మీదున్నదే ఆఖరుది. దానికోసం బొంబాయి నుంచి రెండు మ్యూజియాలు అడిగాయి. నేతగాళ్ల సొసైటీలో పనిచేసే నర్సింగం ఆ కబురు తెచ్చి, సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చమన్నాడు.

“మామా, పెద్దదాంట్లయితే గోడకు ఏలాడదీస్తరు. లైట్లేస్తరు. కింద నీ పేరు రాస్తరు. ఇంకోటి డిజైన్లు నేర్చుకునే పిల్లలది. బీరువల మడిచిపెట్టి, పాఠమున్నప్పుడు తీస్తరు. పేరూ గీరూ ఉండదు.”

“మ్యూజియమంటే సచ్చినోళ్ల సామాన్లు పెట్టేది గదరా,” అంది ఆయన భార్య లచ్చవ్వ, రాట్నం తిప్పుతూనే. “మీ మామ ఇంకా గట్క తింటాండు.”

“నువ్వు ఊకోయే!” అన్నాడు బుచ్చిరాములు.

పేరన్న మాట ఆయన్ని పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎన్ని నేశాడు, దేనిమీదైనా పేరుందా? నర్సింగం వెళ్లాక కూడా పంజా ఆపి లచ్చవ్వను అడిగాడు. “ఇంటిపేరు గూడ రాస్తరంటవా?”

“ఆఁ, నీ అత్తగారి పేరు గూడ రాస్తరు.”

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పని ముగిసింది. ఇద్దరూ చెరో కొసా పట్టి వాకిట్లో పరిచారు. ఎర్రచారలు, వాటి మధ్య నీలం మెట్లు. అలవాటు ప్రకారం ఒక ముఖం తడిమి, తిరగేసి రెండోది తడిమాడు. జంపఖానాకు రెండు ముఖాలూ ఒక్కటే. ఒకటి మాసితే రెండోది పైకేసి పరుచుకుంటారు. ఆయన చెయ్యి నడుమలో ఆగిపోయింది.

“గోడకేస్తే ఈ మొఖం గోడకే ఉంటది గదనే. ఎవలు సూస్తరు?”

“మరి నీ పేరో?”

ఆయన ఆ ముఖాన్నే మళ్లీ తడిమాడు.

“పిల్లలైతే తిరగేసి సూస్తరు. వాళ్లకే ఇయ్యమను. ఎవలన్న కూసుంటే ఇంకా బాగుండు గనీ... జర నడుం వాలుస్త.”

జంపఖానా చుట్టి పక్కన పెట్టుకుని ఈతచాప మీద ఒరిగాడు. లచ్చవ్వ జొన్నగట్కలో మజ్జిగ కలిపి తెచ్చింది. “ఓ అయ్యా,” అంది. మళ్లీ అంది. ఇక పిలవలేదు. గిన్నె కిందపెట్టి, ఆ నీలం వేళ్లు చేతిలోకి తీసుకుని కూర్చుంది.

వాడంతా వచ్చింది. ఉన్న ఒక్క చాపా ఆయన కిందే ఉంది. జనం కాలుతున్న వాకిట్లో నిలబడ్డారు. లచ్చవ్వ లేచి పక్కనున్న జంపఖానా చుట్ట విప్పి పరిచింది.

“అత్తా, అది...” అన్నాడు అప్పుడే వచ్చిన నర్సింగం.

“కూసోండ్రి. ఈయనింటికొచ్చి మన్నుల కూసుంటరా?”

కూర్చున్నారు. ముసలివాళ్లు, పక్కింటి చిలుకమ్మ, నీళ్లకుండ దగ్గర బురద తొక్కి వచ్చిన, అప్పుడే నడక నేర్చిన ఆమె బిడ్డ, అందరూ.

మూడోనాడు నర్సింగం మళ్లీ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అత్తా, గోడకే ఇద్దామే. మామ పేరన్న మిగుల్తది.”

లచ్చవ్వ జంపఖానాను ముందుకు లాక్కుంది. లైటు కింద ఆ పేరు ఆమెకూ కనిపించింది మరి.

“నాకు మాత్రం ఆశ లేదా? గనీ ఆయన జెప్పిండు బిడ్డా. తిరగేసి సూసే పిల్లలకే ఇయ్యమన్నడు.”

ఆమె జంపఖానాను తిరగేసి, ఎవరూ కూర్చోని ముఖం పైకి వచ్చేట్టు మడవబోయింది.

“జర ఆగు, దులుపుత,” అన్నాడు నర్సింగం.

“దులపకు. కూసున్నరని తెల్వాలె.”

పైముఖం ఇప్పుడే మగ్గం దిగినట్టుంది. లోపలి మడతలో, నీలం మెట్టు మీద, మట్టి ఎండిన పసిపాదం ముద్ర, అయిదు వేళ్లతో.