వంట డిగ్రీ

ఉమాదేవి బియ్యెస్సీ హోంసైన్సు చదివిందని రాయచోటిలో వాళ్ళ వీధి వీధంతా తెలుసు. హోంసైన్సంటే ఏమిటో మాత్రం ఒక్కరికీ తెలియదు. తెలియనంత మాత్రాన నోరు మూసుకుని కూర్చునే వీధి కాదది. "అన్నం వార్చేదానికి గూడా డిగ్రీ ఏందిమే?" అని ఒకరు, "ఇంటి చదువు గదా, ఇంట్లోనే పడుంటాది, మంచిదే" అని ఇంకొకరు తలా ఒక మాట వేశారు. నిజానికి ఉమాదేవికి లెక్కలంటే ప్రాణం. వాళ్ళ నాయన "లెక్కలు చదివిన ఆడపిల్ల మొగుని జీతానికి లెక్క అడుగుతాది" అని తేల్చేసి, తిరుపతికి తీసుకుపోయి హోంసైన్సులో చేర్పించాడు. అక్కడ ఆమె పసిపిల్లల ఎదుగుదల గురించి, నూలు బట్టకూ పట్టు బట్టకూ తేడా గురించి, ఏ కూరలో ఏ విటమిన్ ఉంటుందో దాని గురించి చదివింది. వంట పాఠాలూ కొన్ని ఉండేవి గానీ, అవి పొయ్యి మీద కంటే నోట్సులోనే ఎక్కువ ఉడికాయి.

ఇంత చదివినా ఉద్యోగం రాలేదు. అంగన్‌వాడీ సూపర్‌వైజరు పోస్టు కోసం ఎదురుచూసి చూసి, సైకిలు షాపు గురవయ్యను పెళ్ళి చేసుకుంది. గురవయ్య మంచివాడే. ఊరే మంచిది కాదు, ఉన్నట్టుండి సైకిళ్ళు మానేసి మోపెడ్లు ఎక్కింది. షాపులో గాలి కొట్టడం తప్ప పని లేకుండా పోయిన ఆ రోజుల్లోనే గల్ఫ్ యుద్ధం ముగిసింది. యుద్ధానికి ముందు యెమెన్ వాళ్ళు లక్షల మంది సౌదీ వదిలి వెళ్ళిపోయారట, ఆ ఖాళీలకు వీసాలు తెగ వస్తున్నాయట. ఏజెంటు ఖాజా ఓట్లడిగేవాడిలా ఇల్లిల్లూ తిరిగాడు. ఉమాదేవి సర్టిఫికెట్టు చూడగానే అతని మొహం వెలిగిపోయింది.

"ఇంత చదువు పెట్టుకోని పనిమనిషి వీసా ఏంటికిమ్మా నీకు? ఇది వంట డిగ్రీ గదా! నేరుగా కుక్కు వీసానే. జీతం ఎక్కువ, బాత్రూములు కడిగే పని లేదు."

"అది వంట డిగ్రీ కాదన్నా..." అని ఉమాదేవి చెప్పబోయింది గానీ, జీతం ఎక్కువ అన్న మాట అడ్డం వచ్చి ఆగిపోయింది. గురవయ్య అప్పటికే పాస్‌పోర్టు ఫోటోకు ఏ చీర బాగుంటుందో వెతుకుతున్నాడు.

అలా ఆమె తాయిఫ్‌లో ఒక పెద్దింటికి వంటమనిషిగా వచ్చి పడింది. ఇంటి యజమాని బట్టల వ్యాపారి. ఆయన్ను బాబా అనాలి, ఆయన భార్యను మామా అనాలి. మామా చెల్లెలు ఒకావిడ యుద్ధంలో కువైట్ నుంచి పారిపోయి వచ్చి ఇక్కడే ఉంటోంది. ఆవిణ్ణి అందరూ ఖాలా అనేవారు, అంటే పిన్ని. కువైట్‌లో మండుతున్న చమురు బావులు ఆరిపోగానే వెళ్ళిపోతానని చెప్పింది. బావులు ఎప్పుడో ఆరాయి. ఖాలా మాత్రం కదల్లేదు, ఎందుకంటే భోజనం బాగుంది.

ఆ భోజనం వెనక కథ వేరే ఉంది. ఆ ఇంట్లో ఇల్లు ఊడ్చి తుడవడానికి అప్పటికే మాబున్నీ అనే మనిషి ఉండేది. సుండుపల్లి దగ్గర పల్లె ఆమెది. నాలుగిళ్ళలో పనిచేసి అరబ్బీ దంచేస్తుంది గానీ ఏ భాషలోనూ సంతకం రాదు. ఉమాదేవి వచ్చిన మొదటిరోజే మామా కబ్సా చేయమంది. కబ్సా అంటే మాంసం, బియ్యం, మసాలా కలిపి దించే పెద్ద గుండిగ వంట. ఉమాదేవి ఉల్లిగడ్డ పట్టుకున్న తీరు చూసి మాబున్నీ చీపురు పక్కన పెట్టింది.

"కత్తి అట్ల పట్టుకుంటే ఉల్లిగడ్డ కాదు, వేలు తెగుతాది. ఏం మే, నిజం చెప్పు, నీకు వంట వచ్చునా?"

"రాదక్కా."

"మరి కాలేజీలో ఏం చదివినావు?"

"దేంట్లో ఏ విటమిన్ ఉంటాదో చదివినా."

"అయితే ఆ ఖాలాకు విటమిన్ వడ్డించు. రేపు పొద్దునకల్లా నిన్ను ఇమానం ఎక్కిస్తాది."

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. ఉమాదేవికి మతి పోలేదు గానీ కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. మాబున్నీ నాలుగు తిట్లు తిట్టి, కొంగు బిగించి, కత్తి లాక్కుంది. ఆ పూట నుంచి వాళ్ళిద్దరూ పనులు మార్చుకున్నారు. మామా వంటగదిలోకి వచ్చేదే కాదు, నూనె వాసన బట్టలకు పడుతుందని భయం. లోపల మాబున్నీ వండేది, ఉమాదేవి బాత్రూములు కడిగేది. వడ్డించే వేళకు ఉమాదేవి చేతులకు కాస్త మసాలా పూసుకుని పళ్ళెం ఎత్తుకుని పోయేది. ఖాజా లేదన్న పని ఆమెకు రోజూ దొరుకుతూనే ఉంది.

కబ్సా పేరు వీధి దాటింది. మామా పొరుగింటి ఆడవాళ్ళతో "మా వంటమనిషి యూనివర్సిటీలో వంట చదివింది" అని చెప్పేది. ఖాలా ఎముక చీకుతూ "చదువుకున్న చేతి రుచే వేరు" అనేది. తలుపు వెనక మాబున్నీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

"నేను బడి మొగం చూడకుండానే యూనివర్సిటీ ఫస్టు వచ్చినా గదమే!"

ఈ నాటకం సంగతి ఆ ఇంట్లో ఒక్క మనిషికి తెలుసు. పెద్దమ్మాయి నూరా బడి చివరి సంవత్సరంలో ఉంది. హాల్లో ఖాలా గొంతు, టీవీ గొంతు ఒకదాన్నొకటి తరుముతుంటే చదువుకోలేక, వంటగది బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేది. ఎవరు వండుతున్నారో రోజూ కళ్ళారా చూస్తూనే ఉంది, ఎవరితోనూ అనలేదు. ఉమాదేవి తడిగుడ్డతో బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆ పుస్తకం దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మది చేసేది. నూరా కూడా ఆమె చూసినంతసేపూ పేజీ తిప్పేది కాదు. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ కలిపి ఇద్దరూ ఏదో మాట్లాడుకునేవారు.

పరీక్షలు అయ్యాయి. ఆడపిల్లల కాలేజీలో నూరాను చేర్చాల్సిన రోజులు వచ్చాయి. నూరా లెక్కలంది. మామా, ఖాలా ఒక్కసారిగా లేచారు. లెక్కలు చదివి పిల్ల ఏం చేస్తుంది, ఎవరు చేసుకుంటారు, కళ్ళద్దాలు వస్తాయి, జుట్టు ఊడుతుంది. ఇంటి శాస్త్రం చదివితే ఎలా ఉంటుందో మన ఉమాను చూడరాదా? ఒక పేదింటి ఇండియా పిల్లే అంత రుచిగా వండుతుంటే, మన పిల్ల చదివితే ఇంకెంత బాగా వండుతుంది! ఇంటి శాస్త్రమే చదవాలి. వచ్చే శుక్రవారం భోజనాల దగ్గర బాబాతో సరేననిపించి, మర్నాడే చేర్చేయాలని తేల్చేశారు.

నూరా వంటగదిలోకి వచ్చి కూర్చుంది. ఏడవలేదు. ఉమాదేవి తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. ఈ పిల్ల నోరు విప్పి ఒక్క మాట చెబితే చాలు, ఇంటి శాస్త్రం పరువు అక్కడే గంగలో కలుస్తుంది. ఆ ఒక్క మాటతో ఉమాదేవి ఉద్యోగమూ పోతుందని తెలిసే ఆ పిల్ల చెప్పడం లేదు.

"నువ్వు చదవాలనుకున్నది ఇదేనా?" అని నూరా అడిగింది.

"కాదు. లెక్కలు."

"ఎవరు కాదన్నారు?"

"మా నాయన. నిన్ను ఎవరు కాదన్నారు, అమ్మా?"

"మా అమ్మ కాదు. నీ కబ్సా."

ఆ మాట ఉమాదేవికి బాగా తగిలింది. తన చదువు ఎవరో తేల్చారు, తన వీసా ఇంకెవరో తేల్చారు, ఇప్పుడు తను చేయని కూర ఇంకో పిల్ల చదువును తేలుస్తోంది. నాయన మీద అన్నేళ్ళుగా దాచుకున్న కోపమంతా ఆమెకు తన మీదికే తిరిగింది.

శుక్రవారం పొద్దున ఉమాదేవి గరిటె తీసుకుంది.

"ఇయ్యాల నేను వండుతానక్కా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందామే? తిన్నారంటే నిన్ను పంపించేస్తారు. యాడికి పోతావు? పోయి సైకిళ్ళకు గాలి కొడతావా?"

"కొడతా. గమ్మునుండు."

మోసం చేసి చెడగొట్టాలని ఆమె అనుకోలేదు. నిజంగానే, చదివింది చదివినట్టు, మనసు పెట్టి వండింది. గుండెకు మంచిది కాదని నెయ్యి తగ్గించింది. రక్తపోటుకు మంచిది కాదని ఉప్పు తగ్గించింది. పీచు ఉండాలని క్యారెట్లు, బీన్సు వేసింది. విటమిన్లు పోకూడదని మాంసం తొందరగా దించింది, బియ్యం మాత్రం తొందరగా దించడం మరిచిపోయింది. మాబున్నీ గుండిగలోకి తొంగి చూసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నేలమీద కూలబడింది.

హాల్లో నేలమీద సుప్రా, అంటే భోజనాల గుడ్డ, పరిచారు. బాబా, మామా, నూరా, ఖాలా పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. మామా ఇంటి శాస్త్రం గొప్పతనం మొదలుపెట్టింది. బాబా ముద్ద కట్టబోయాడు. అది కట్టక్కర్లేదు, అప్పటికే కట్టుకుని ఉంది. నోట్లో పెట్టుకున్నాడు, నమలడం మొదలుపెట్టాడు, ఎంతసేపటికీ ఆపలేదు. ఖాలా ఒక్క ముద్ద తిని చెయ్యి విదిలించింది.

"సద్దాం వచ్చినప్పుడు కూడా నేను ఇట్లాంటిది తినలేదు!"

మామా పిలిచింది. ఉమాదేవి వచ్చి నిలబడింది. 

"ఇదే నా చదువు, మామా. ఇన్నాళ్ళూ మీరు తిన్నది మాబున్నీ వండింది. ఆమె బడికే పోలేదు."

బాబా కష్టపడి ముద్ద మింగాడు.

"ఈ చదువు ఎన్నేళ్ళు?" అన్నాడు.

"మూడేళ్ళు, బాబా."

"మూడేళ్ళకే ఇట్లా ఉందా!" అని పళ్ళెం దూరంగా జరిపాడు. "ఇక్కడ నాలుగేళ్ళట. వద్దు తల్లీ, లెక్కలే చదువు. లెక్కలు తప్పినా మేము తినక్కర్లేదు."

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మధ్యాహ్నం ఒక డిగ్రీ అంతా ఒక్క మెతుకుతో తేలిపోయింది. అది ఆ డిగ్రీకి అన్యాయమే, విటమిన్ల లెక్కలో ఆ గుండిగకు వంక పెట్టే మొనగాడు లేడు. అయినా మనుషులు చదువును తూచే తక్కెడ ఎప్పుడూ అంతే.

మామా మొహం ఎర్రబడింది. వీధి వీధంతా గొప్పలు చెప్పుకుంది గదా. "ఖురూజ్!" అని అరిచింది. ఆ మాటకు అర్థం ఇక తిరుగు విమానమే. అప్పుడు తలుపు వెనక నుంచి మాబున్నీ వచ్చింది. గరిటె తెచ్చి సుప్రా మధ్యలో పెట్టింది.

"ఈ పిల్ల పోతే నేనూ పోతా, మామా" అంది అరబ్బీలో. తర్వాత ఉమాదేవి వైపు తిరిగి తెలుగులో "నీ యమ్మ కడుపు కాల, నోరు మూసుకోనుంటే ఏం పోయిందే నీకు" అంది.

మామా ఇంకా ఏదో అనబోయింది. ఖాలా గరిటె వంక చూసింది, పళ్ళెం వంక చూసింది, మామా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిల్ల అబద్ధం చెప్పింది గానీ, ఇప్పుడు నిజం చెప్పింది గదా. దేవుడు క్షమించేవాడు" అంది. ఖాలాకు దేవుడు ఆ వేళ గుర్తొచ్చినంతగా యుద్ధంలోనూ గుర్తొచ్చి ఉండడు.

మాబున్నీ వంటమనిషయింది. ఉమాదేవి జీతం తగ్గింది, పని ఎప్పటిదే. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డుల్లో మాత్రం ఉమాదేవి వంటమనిషిగా, మాబున్నీ పనిమనిషిగా అలాగే ఉండిపోయారు.

నెలకోసారి మాట్లాడే ఫోనులో ఉమాదేవి ఇదంతా చెప్పబోయింది. గురవయ్య ఆమెను చెప్పనిస్తేగా.

"ఇన్నావా? నిన్ను చూసి మన వీధిలో ముగ్గురాడపిల్లలు హోంసైన్సులో చేరినారు. ఖాజా బోర్డు గూడా పెట్టినాడు, హోంసైన్సు వాళ్ళకు సౌదీలో కుక్కు వీసా గ్యారంటీ అని!"

"అయ్యో, వాళ్ళను ఆపయ్యా!"

"ఏంటికి ఆపల్ల? నీ మాదిరి బాగుపడనీ."

లైను తెగింది. ఉమాదేవికి ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో బాత్రూము బ్రష్షు మిగిలాయి.

కాలేజీ తెరిచాక ఒక సాయంత్రం నూరా వంటగదిలోకి వచ్చి, కొత్త పుస్తకం బల్లమీద పెట్టి, కుర్చీ లాగి, కూర్చోమంది. ఆ కుర్చీలో ఉమాదేవి ఏనాడూ కూర్చోలేదు, దాని చుట్టూ తుడవడమే ఆమెకు తెలుసు. చేతులు తుడుచుకుని కూర్చుంది. అక్షరాలన్నీ అరబ్బీ, కుడి నుంచి ఎడమకు. కానీ గీసిన వృత్తం వృత్తమే, దాన్ని తాకీ తాకకుండా పోతున్న గీత ఆ గీతే. దాని పేరు ఆమెకు తెలుగులో తెలుసు. స్పర్శరేఖ. పదో తరగతి తర్వాత ఆ మాట నోటితో అన్నది అప్పుడే. నూరా పెన్సిలు తెచ్చి చేతిలో పెట్టింది.

పొయ్యి దగ్గర మాబున్నీ వెనక్కి తిరిగి చూసింది.

"ఏందిమే, ఉల్లిగడ్డలు కోసేది నేనయితే, ఏడ్చేది నువ్వా?"