కడుపారా బార్లీ

తూదా వీపు మీద ఓక్ కొమ్మల మోపుతో కొండ దిగి వచ్చేసరికి దొడ్డిలో అలికిడి లేదు. మామూలుగా అయితే ఆమె అడుగుల చప్పుడు వినగానే మేకలు ఒకటే గోల చేసేవి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దానికి తోడు మంచు ముందే పడి మేత దారులన్నీ మూసుకుపోయాయి. చలికాలం మొదలైనప్పటి నుంచీ మంద ఎండు కొమ్మలూ ముళ్ల కంపా నమిలి ప్రాణం నిలుపుకుంటోంది. అలాంటి మేకలు నోరెత్తడం లేదు.

మోపు కింద పడేసి దొడ్డిలోకి పరుగెత్తింది. మేకలన్నీ కదలకుండా నిలబడి ఉన్నాయి. గడ్డాలకు తవుడు దుమ్ము. రాతి తొట్ల అడుగున ఇంకా గింజలు. గోడ మీద ఆమె బావ బాస్సూ కూర్చుని ఖాళీ గోనెసంచి దులుపుతున్నాడు.

"వచ్చినావా తూదా? నీ మేకల్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఎముకల గూళ్లు పాపం. కడుపారా పెట్టినా."

"ఏం పెట్టినావు బావా?"

"బార్లీ. మా ఇంటి గింజే. తిన్నాక దాహమేస్తదని తొట్టి నిండా నీళ్లు గూడా పోసినా."

బాస్సూ ఆమె భర్త జాయిద్‌కి అన్న. జాయిద్ లోయలో పడి చనిపోయినప్పటి నుంచీ, తమ్ముడి భార్యను రెండో పెళ్లాంగా తెచ్చుకుంటే ఏటి ఒడ్డు పొలం చెక్కా అక్రోట్ చెట్లూ తన చేతికి వస్తాయని చూస్తున్నాడు. అడిగినప్పుడల్లా ఆమె ఒకే మాట చెప్పేది, "నాకు నా మేకలున్నాయి బావా" అని. అది నిజం. పాలూ వెన్నా, బొచ్చూ, ఏటేటా పిల్లలూ. వాటి వల్లే ఆమె ఎవరి గడపా తొక్కకుండా బతికింది. పోయినసారి ఆ మాట విని బాస్సూ నవ్వాడు. "ఉన్నన్నాళ్లే గదా" అన్నాడు.

ఆ కొండల్లో మేకల వాళ్లందరూ ఏటి పక్క గన్నేరుకు భయపడతారు. నడక వచ్చిన పిల్లలకు ముందు చూపించేది ఆ గులాబీ పూలనే. గన్నేరు మేకను చంపితే నోట్లో మిగిలిన ఆకు సాక్ష్యం ఉంటుంది. గింజ అలా కాదు. ఈనిన మేకకు గుప్పెడు పెడితే పాలు పడతాయి. నెలల తరబడి ఎండుటాకు తప్ప ఎరగని కడుపులోకి ఒక్కసారిగా గింజ దిగితే మాత్రం లోపల పులిసి పొంగుతుంది, ఒంట్లోకి విషం ఎక్కుతుంది. మేకల మధ్యే పుట్టి పెరిగిన బాస్సూకి ఇది తెలియకపోవడమా!

"చంపేసినావు గదా బావా వాటిని!"

"నోరు కడుక్కో. దేవుడిచ్చిన అన్నాన్ని పట్టుకొని విషమంటావా?" అంటూ గోడ దిగి, సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తూదా నీళ్ల తొట్టిని బోర్లా తోసేసింది. మిగిలిన గింజలను మేకల నోటికి అందకుండా ఊడ్చి గంపలోకి ఎత్తింది. మందను లేపి దొడ్డి చుట్టూ తిప్పింది. ఒక్కొక్కదాని దవడ పట్టుకుని వంట సోడా కలిపిన నూనె పోసింది. నూనె అయిపోయింది. అప్పుడు గోడ అవతల నుంచి ఒక నూనె కూజా వచ్చింది. ఇచ్చింది బాస్సూ భార్య రబ్హా.

"గింజ కొలుస్తా నవ్వుకున్నాడు తల్లీ ఆ మనిషి. నేను చెప్పినానని మాత్రం అనొద్దు."

"నీ మేలు మర్చిపోనక్కా."

"మేలు లేదు, పాడూ లేదు. నువ్వు నా ఇంట్లోకి రాకూడదు, అంతే. నువ్వేమైపోయినా నాకొకటే."

మర్నాటికి మేకల ఎడమ డొక్కలు డోలుల్లా ఉబ్బాయి. పళ్లు పటపట కొరుకుతున్నాయి. దొడ్డంతా పులిసిన వాసన. ఒక్కొక్కటే ముందు మోకాళ్ల మీద కూలిపోయింది. దేవుడి పేరు చెప్పి కోస్తేనే మాంసం పనికొస్తుంది, ప్రాణం పోయాక కుక్కలకు వేయాల్సిందే. కూలిన ప్రతిదాన్నీ తూదా తన చేతులతోనే కోసింది. జాయిద్ పెళ్లికి తెచ్చిన తెల్ల మేక, మందంతటికీ తల్లి లాంటిది, కత్తి చూసి కూడా ఆమె చేతినే నాకింది. దాని తర్వాత తూదా ఇంక ఏ మేక ముఖమూ చూడకుండా కోసుకుంటూ పోయింది.

ఇరుగుపొరుగు గిన్నెలతో వచ్చారు. "బాస్సూది పెద్ద మనసు. పాపం, మంచి చెయ్యబోతే ఇట్లయింది" అంటూ వాటాలు పట్టుకెళ్లారు. సాయంత్రానికి బాస్సూ నుంచి కబురు వచ్చింది: "కార్జాలు మా ఇంటికి పంపించు. మా గింజ తిన్నవే గదా."

శుక్రవారం ప్రార్థన అయ్యాక తూదా పెద్దల ముందు నిలబడింది. వాళ్లలో పెద్దవాడు ఈషో. బాస్సూ ఇంట్లో ఏ విందు జరిగినా మొదటి ముద్ద ఆయనదే.

"మేకలు ఆబగా తింటే పెట్టినోడి తప్పేముందమ్మా?" అన్నాడు ఈషో. "జాలిపడి చేసినాడు. పాపం, వాడికి తెలవదు."

"తెలిసే చేసినాడు పెద్దాయనా."

"ఎట్ల రుజువు చేస్తావు? సరే, జరిగిందేదో జరిగింది. మందా పోయె, మగదిక్కూ లేకపాయె. బాస్సూ చెయ్యి పట్టుకో. ఆ ఇంటి మేకలే నీ మేకలు. నష్టం గూడా పూడిపోతది."

తీర్పు చెప్పేసి పెద్దలందరూ లేచి బాస్సూ ఇంటికి భోజనానికి కదిలారు. వాళ్ల వెనకే నడుస్తూ బాస్సూ ఆమె పక్కన ఆగాడు. "నువ్వు రేపు వచ్చినా సరే. తొందరేం లేదు" అన్నాడు మెల్లగా.

తూదా ఇంటికెళ్లి, ఊడ్చి దాచిన బార్లీ గంప ఎత్తుకుంది. బాస్సూ దొడ్డి గుమ్మం దగ్గర రబ్హా నిలబడి ఉంది. గంప వంక చూసింది, ఆమె ముఖం వంక చూసింది. గడియ తీసి తను వంటింట్లోకి వెళ్లిపోయింది.

గింజ తొట్లో పడ్డ చప్పుడుకే మేకలు ఎగబడ్డాయి. పెద్దలు అప్పుడే ఉడికించిన కుస్కుస్ రవ్వ పళ్లెం చుట్టూ కూర్చున్నారు. "బావా! నీ మేకలకు గూడా పండగ చేస్తున్నా!" అని తూదా కేక పెట్టింది.

బాస్సూ ఎంగిలి చేత్తోనే బయటికి ఉరికాడు. తొట్లో ఏముందో చూసేసరికి మనిషి మనిషిలా లేడు. దుడ్డుకర్ర తీసుకుని దొరికిన మేకను దొరికినట్టు బాదాడు. "తిననీయొద్దు! లాగండి! చస్తాయి, అన్నీ చస్తాయి!" అని గొంతు చించుకున్నాడు. చూలు మేక ఒకటి ముందు కాలు విరిగి అరుస్తూ పడిపోయింది.

పెద్దలు గుమ్మం దగ్గర నిలబడిపోయారు.

"ఎందుకు చస్తాయి బావా?" అంది తూదా. "జాలిపడి పెట్టినా. తెలవదు నాకు."

బాస్సూ ఈషో వంక చూశాడు. కర్ర చేతిలోనే ఉండిపోయింది. చూలు మేక ఇంకా అరుస్తూనే ఉంది.

"పళ్లెం చల్లారిపోతోంది" అని ఈషో లోపలికి తిరిగాడు. మిగతావాళ్లూ ఆయన వెనకే వెళ్లారు. ఆ రోజూ, ఆ తర్వాతా, ఎవరూ తీర్పు మార్చలేదు.

బాస్సూ మేకలు ఎక్కువ తినలేదు గనక ఒక్కటీ ఉబ్బలేదు. కాలు విరిగినదాన్ని మాత్రం కోయాల్సి వచ్చింది. కడుపులో రెండు పిల్లలు. ఆ మాట విన్నప్పుడు తూదాకి సంతోషం కలిగింది. తనకే ఆశ్చర్యం వేసేంత సంతోషం. అది కొన్నాళ్లు పోలేదు కూడా.

ఆ తీర్పుకు తల వంచకుండా ఆమె కనుమ దాటి మేనత్త ఊరు చేరింది. అక్కడ ఇతరుల మేకలు కాస్తూ, పుట్టిన పిల్లల్లో వాటా తీసుకోవడానికి ఒప్పుకుంది. వెనక ఊళ్లో బాస్సూని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ అతను ఎవరి దొడ్డి పక్కగా నడిచినా ఆడవాళ్లు గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడేవారు, అతను ఆ మలుపు తిరిగేదాకా కదిలేవారు కాదు.

మంచు కరిగాక బాస్సూ కనుమ దాటి వచ్చాడు. కొత్త అంగీ తొడుక్కున్నాడు. చంకల్లో రెండు మేకపిల్లలు. మేనత్త వాకిట్లో నిలబడి, ఊరంతా వినేలా, పాత సంగతులు మరిచిపోదామనీ, ఇవి తన కానుకనీ చెప్పాడు.

తూదా బయటికి వచ్చింది. పిల్లలను ఒక్కొక్కటిగా అందుకుని పళ్లు చూసింది, పొట్టలు తడిమింది. రెంటినీ లోపలికి తోలింది. తనూ వెళ్లి తలుపు వేసుకుంది.

బాస్సూ తలుపు కొట్టాడు. "మరి పెళ్లి మాటకు జవాబేంది?"

లోపలి నుంచి మేనత్త గొంతు వచ్చింది. "మేకపిల్లల్ని ఇచ్చినావు, అందినాయి. ఇంక పో నాయనా, ఎండెక్కుతోంది!"

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాస్సూ అంగీ దులుపుకుని, వచ్చిన దారినే కనుమ ఎక్కాడు.