అంతులేని వేగమున్న బండి

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఏళ్ల తరబడి ఊరందరినీ ఆస్పత్రికి చేర్చిన అంబులెన్స్ డ్రైవర్, సొంత అక్కను ఎక్కించుకొచ్చిన రోజే రైల్వే గేటు పడింది. వచ్చిందేమో గూడ్సు బండి! నత్తకు నడక నేర్పిన రకం. సైరన్ మోగిందని రైలు పక్కకు తప్పుకుంటుందా?

అక్కకు గుండెనొప్పి. వెనక నర్సు ఉంది. డ్రైవర్ సీటుకూ వెనక భాగానికీ మధ్యనున్న అద్దం మీద నర్సు ఒకసారి తడితే ఇంకా వేగంగా పోవాలని, రెండుసార్లు తడితే ఇక తొందర లేదని వాళ్ల మధ్య గుర్తు. ఆ రెండో తట్టంటే డ్రైవర్‌కు హడల్.

రైలు పెట్టెలు వరసగా పోతుంటే, ఉన్నట్టుండి తన బండే వెనక్కి జారినట్టనిపించింది. "అయ్యో!" అంటూ బ్రేకు తొక్కాడు.

సగం తెరిచిన అద్దంలోంచి అక్క నవ్వు వినిపించింది. సైన్సు టీచరు, ప్రాణం మీదికొచ్చినా పాఠం మానదు.

"కదిలేది రైలురా తింగరోడా, నువ్వు కాదు."

"మాట్లాడకే అక్కా, ఆయాసమొస్తుంది."

"అంతులేని వేగంతో పోయే బండి ఉందనుకో. ఎప్పుడు చేరుతుందిరా?"

చిన్నప్పుడూ ఇదే అడిగేది. అప్పుడు తెల్లమొహం వేసేవాడు.

"బయల్దేరిన క్షణానే. అదే నా చేతిలో ఉంటే దార్లో ఒక్కర్ని కూడా పోనివ్వను."

"దారంటూ ఉంటేగా! ఇలా మాట్లాడుకోడానికీ టైముండదు." ఊపిరి కూడదీసుకుంది. "నీ బండి ఎంత జోరుగా పోనీ, నీకూ నాకూ మధ్య వేగమెంత?"

"సున్నా."

"మరెందుకురా కంగారు? నేనెక్కడికి పోతాను?"

ఆ మాటకి అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఏదో అనబోయేలోగా నర్సు గబుక్కున అద్దం మూసేసింది. పెట్టెలు ఇంకా పోతూనే ఉన్నాయి. డ్రైవర్ రైలును నోటికొచ్చినట్టు తిట్టాడు, దణ్ణం కూడా పెట్టాడు.

గేటు లేచింది. అద్దం మీద తట్టు వినిపించింది. కాసేపటికి, మెల్లగా, ఇంకోటి.

రెండోది తను విననే లేదని ఒట్టేసుకున్నాడు. సైరన్ పెంచి, జన్మలో తోలనంత వేగంగా తోలాడు. ఇళ్లు, దుకాణాలు, స్తంభాలు వెనక్కి పరుగెత్తాయి. ఎంత తొక్కినా, వెనకద్దంలో అక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

"సున్నా అన్నాగా అక్కా," అన్నాడు ఏడుస్తూ. "పలకవే."