కంది కుండలో మైనపు దిమ్మ

నేను ఒక మైనపు దిమ్మను. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. తిప్పమ్మ కుడి రొమ్ము గడ్డలోంచి సూదితో తీసిన దారమంత ముక్క మీద మైనం కరిగించి పోశారు. అది చల్లారితే నేనయ్యాను.

ల్యాబు ఆమె నన్ను తిప్పమ్మ మొగుడు ఓబులేసు చేతిలో పెట్టింది. "మామూలు రొమ్ము క్యాన్సర్ మాదిరి లేదన్నా. పట్నంలో ఇంకో పరీక్ష చేయించు. అంతవరకు ఎండ తగలకుండా భద్రంగా దాచు."

ఓబులేసు మాట తక్కువ మనిషి. తల ఊపాడు. టౌను డాక్టరు మాత్రం "ఆలస్యమైతే పాకుతుంది" అని వారంలో రొమ్ము తీసేశాడు. తీసేశాక పరీక్షెందుకనుకున్నాడు ఓబులేసు. దాచమన్న మాట మాత్రం మరవలేదు. ఆయనకు తెలిసిన భద్రమైన చోటు విత్తనం కందుల కుండ. బూడిద కలిపి, వేపాకు పరిచి, నన్ను నడుమ పెట్టి మూతికి పేడ మెత్తాడు. చెప్పిన రెండు పనుల్లో తేలికైనది మనుషులు ఎంత శ్రద్ధగా చేస్తారో!

ఆపరేషనైన అయిదో నెలలో ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. పట్నం డాక్టరమ్మ మొదటి ముక్క అడిగింది. ఓబులేసు కుండ విప్పి నన్ను తెచ్చాడు. నన్ను పొరలుగా చెక్కి రంగులు అద్దారు.

"ఇది లింఫోమా. తెల్లకణాల క్యాన్సర్. రొమ్ములో పుట్టడం అరుదు. దీనికి రొమ్ము తీయాల్సిన పని లేదు, మందులు ఎక్కించాలి. అప్పుడే తెచ్చుంటే..." డాక్టరమ్మ కాగితంలోకి చూసింది.

నాకంటిన బూడిద చూసి తిప్పమ్మ నవ్వింది. "బాగా దాస్తివి మామా. కందులకు పురుగు పట్టల్యా, నీ దిమ్మకూ పట్టల్యా. పట్టిందంతా నాకే."



నాలుగు విడతలు మందులెక్కాయి. గడ్డ కరిగింది. జుట్టు పోయింది. "దువ్వెన ఇంక నువ్వే పెట్టుకో మామా" అంది. అయిదో విడతకు ముందు, పక్కన కూర్చున్న ఓబులేసును చూసి, "నాయనా, ఎద్దులకు నీళ్లు పెడితివా?" అంది. రోగం మెదడుకు పాకిందన్నారు. మళ్లీ ఆమె ఆయన్ను మామా అనలేదు.

ఆసుపత్రి వాళ్లు కాగితాలతో పాటు నన్నూ తిరిగిచ్చారు. చేను గట్టున గుంత తీసి ఆమెను దించాక, ఓబులేసు వదిన ఆయన చేతిలో ఉన్న నన్ను చూపి అంది: "అదీ దానిదే కదప్పా, వేసెయ్."

ఓబులేసు పిడికిలి మూశాడు.

"దాచమన్యారు" అన్నాడు.

నన్ను మళ్లీ కందుల కుండలోనే పెట్టాడు. తొలి వానకు కందులన్నీ చేనుకు పోయాయి. అడుగు బూడిదలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆయన ఖాళీ కుండ మూతికి మళ్లీ పేడ మెత్తాడు.