గుణం చెప్పి తోలిన బండి

నేను ఒక పాత కారుని. తెల్లరంగు డీజిలు బండిని. కుడివైపు వెనక తలుపు తడిమితే చిన్న గుంట తగులుతుంది. దాని సంగతి అడక్కండి, సిగ్గు. ఆ మాటకొస్తే నా గురించి ఏది చెప్పుకోవాలన్నా సిగ్గే. కానీ తుక్కు దుకాణంలో పడున్నదాన్ని, ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాను?

ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. ఒకరు తలుపులు బిగించారు, ఇంకొకరు అద్దాలు పెట్టారు, నా మొహంకేసి మాత్రం ఎవరూ చూడలేదు. ఆ రోజునుంచే నాకు భయం పట్టుకుంది. ఈ బోల్టు సరిగ్గా బిగించారో లేదో, ఆ గొట్టం ఏ మలుపులో ఊడుతుందో, ఎవరి ప్రాణాల మీదికి తెస్తానో అని. బతికినన్నాళ్ళూ ఆ గుబులు పోలేదు.

నా మొదటి యజమాని గంగులు. విశాఖపట్నంలో టాక్సీ తిప్పేవాడు. పొద్దున్నే తడి తువ్వాలుతో నా ఒళ్ళంతా తుడిచేవాడు. ఆయిలు నల్లబడకముందే మార్చేవాడు. అరకు ఘాటీ కొండదారి ఎక్కేటప్పుడు స్టీరింగు నిమిరి "రాయే తల్లీ" అనేవాడు. అన్నవరం పెళ్ళివాళ్ళని మోశాం, ఆస్పత్రికి పసిపిల్లల్ని మోశాం. మనుషులు చిత్రమైనవాళ్ళు. గుడికెళ్ళేటప్పుడు నోరెత్తకుండా కూర్చుంటారు, దండం పెట్టుకుని తిరిగొచ్చేటప్పుడు కొట్టుకుంటారు. అన్నీ విని ఊరుకునేదాన్ని. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. కిలోమీటర్ల మీటరు రెండు లక్షల అరవై వేలు దాటింది.

ఆ తరవాత గంగులు కళ్ళకి పొర కమ్మింది. ఎదురొచ్చే లారీ లైట్లు రెండు నాలుగై కనిపించేవి. ఇక తోలలేనని తెలిసి, నా పసుపుపచ్చ టాక్సీ నంబరు పలకని సొంతబండ్ల తెల్లపలకగా మార్పించి, బొబ్బిలి రోడ్డులో బ్రోకరు శేషు షెడ్డులో నన్ను నిలబెట్టాడు.

ఎంతోమంది వచ్చారు. నా రంగు మెచ్చుకునేవారు, సీటు నొక్కి చూసేవారు. మీటరు చూడగానే "అమ్మ బాబోయ్" అని పక్కబండి దగ్గరికి పోయేవారు. నిండుసభలో చిరిగిన చీరతో నిలబెట్టినట్టుండేది నాకు.

"గంగులన్నా, ఈ అంకె చూసి ఎవడు కొంటాడు? ఒక్క మాట అను, నిమిషంలో దాన్ని కుర్రపిల్లని చేసేత్తాను" అన్నాడు శేషు.

గంగులు మొదట ఒప్పుకోలేదు. కంటి ఆపరేషనుకి డబ్బు కట్టే రోజు దగ్గరపడ్డాక తల ఊపి, టీ తాగొస్తానని బయటికి వెళ్ళిపోయాడు. శేషు ఏదో తీగ తగిలించి లాప్‌టాప్ నొక్కాడు. నాకు నొప్పి అనిపించలేదు, అసలు సిగ్గు అదే. మీటరు డెబ్బై వేల మీద ఆగింది. అరకు దారి చెరిగిపోయింది. మేం మోసిన పెళ్ళికూతుళ్ళూ పసిపిల్లలూ ఎన్నడూ నన్ను ఎక్కనట్టే అయిపోయింది. గంగులు తిరిగొచ్చాడు, మీటరువైపు చూడలేదు.

అప్పుడు వచ్చింది పైడమ్మ. వెంట భర్త తవిటినాయుడు, పదో తరగతి చదివే కూతురు హారిక. తవిటినాయుడు సంతల్లో పిల్లల బట్టలు అమ్ముతాడు. మోటారుసైకిలు వెనక ఇంత మూట కట్టుకుని ఘాటీ దారుల్లో తిరిగేవాడు. కిందటి వానాకాలంలో జారి పడ్డాడు, లారీ చక్రం చెవి పక్కనుంచి పోయింది. ఆ రోజునుంచి సంత దినం వస్తే పైడమ్మకి ముద్ద దిగదు. చివరికి పాలిచ్చే గేదెని అమ్మి, ఆ డబ్బుతో పెనిమిటికి నాలుగు చక్రాలు కొందామని వచ్చింది.

నా చుట్టూ తిరిగింది. కిందికి వంగి చూసింది, వాసన చూసింది. "ఏటి బాబూ, బ్రేకు పడకపోతే? మంటలంటుకుంటే? తలుపు రాకపోతే?" అని అడుగుతూనే ఉంది. నా మనసులో భయాలన్నీ ఆవిడ నోట్లోంచి వస్తుంటే నాకు ఒకవైపు ముద్దొచ్చింది, ఒకవైపు తల దించుకోవాలనిపించింది.

"మీటరు చూడమ్మా, డెబ్బై వేలే. కొత్తపెళ్ళికూతురు!" అన్నాడు శేషు.

బేరం కుదిరింది. తవిటినాయుడు తాళం అందుకోబోయాడు. పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సంచీలోంచి పసుపూ కుంకుమా తీసి గంగులు ముందుకు చాపింది.

"నువ్వెట్టాలి అన్నా బొట్టు. ఎట్టి, గుణం సెప్పి తోలాలి."

"గుణమేటి సెల్లమ్మా?"

"గేదెని అమ్మినోడు పొడుస్తాదా, తంతాదా, పాలు ఎగ్గొడతాదా సెప్పి, బొట్టెట్టి తోలడా? మా గేదె ఎడంకాలితో తంతాదని నాను సెప్పే అమ్మినాను. కొన్నోడు తగ్గించే ఇచ్చినాడు. అయినా సెప్పినాను."

"అమ్మా! ఇది గేదె కాదే, కారు" అని హారిక నెత్తి కొట్టుకుంది. శేషు పకపకా నవ్వాడు. "దీనికి తన్నడాలూ పొడవడాలూ ఏటుంటాయమ్మా, కుడితి ఎడితే తాగుద్దనుకున్నావేటి, ఇది తాగేది డీజిలే!"

గంగులు నవ్వలేదు. పసుపులో వేలు ముంచాడు, నా బానెట్టు మీద గుండ్రంగా రాశాడు, మధ్యలో కుంకుమ పెట్టాడు. వేలు నా మీదే ఉండిపోయింది.  

"రెండో గేరు కొంచెం బిగువు" అన్నాడు. అద్దంలోంచి మీటరువైపు చూపించాడు. "మీటరు అబద్ధం సెల్లమ్మా. రెండు లక్షల అరవై వేలు తిరిగింది. అన్ని కిలోమీటర్లూ నానే తోలినాను. ఇంజన్లో టైమింగు బెల్టు మార్చే టైమైపోయింది. ఈ అంకె సూసి మీరు మార్పించరు. అది తెగితే ఘాటీలో ఇంజను ఆగిపోద్ది."

 భూమి చీలితే అందులో దూరిపోదునని నేను అనుకున్నాను.

"నన్ను లోయలో పడేద్దామనుకున్నావేట్రా!" అంటూ తవిటినాయుడు గంగులు చొక్కా పట్టుకున్నాడు. గంగులు విడిపించుకోలేదు. పైడమ్మ కూలబడిపోయి, గేదె పేరు తలుచుకుని ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇన్ని ఊళ్ళు తిరిగింది కదా, దారిలో ఎప్పుడైనా ఆగిపోయి నిన్ను దింపేసినాదా?"

"ఒక్కపాలి. నాను డీజిలు సూసుకోక. దాని తప్పు కాదు."

"చొక్కా వదలయ్యా" అంది మొగుడితో. "ఇందాకటిదాకా ఏటికి భయపడాలో తెలీక అన్నిటికీ భయపడ్డాను. ఇప్పుడు ఆ బెల్టుకి భయపడితే సాలు. అది మార్పించే కర్సు ధరలో తీసేసి, ఇంకొంచెం తగ్గించి ఇమ్మను. ఇదే కొందాం."



అలా కొత్త బెల్టుతో వాళ్ళింటికొచ్చాను. సంతలన్నీ తిరిగాను. డిక్కీలో గౌన్లూ, నిక్కర్లూ, లంగాలూ. తవిటినాయుడు ప్రతిసారీ క్షేమంగా ఇంటికి చేరాడు. నేను గేటు దాటి రాగానే పైడమ్మ నా బానెట్టు తడిమి, వేడిగా ఉంటే "అలిసిపోనావా" అనేది. కానీ మీటరు మాత్రం ఆ అబద్ధం మీదనుంచే పైకి లెక్కపెడుతూ పోయింది. నన్నెవరెక్కినా ఆవిడ మొదటి మాట ఒకటే: "మీటరుకి లచ్చా తొంబై వేలు కలుపుకోండి." చుట్టాల ముందర కూడా! ఆవిడకది మామూలు మాట. నాకు మాత్రం ప్రతిసారీ ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

ముసలిదాన్నయ్యాక నన్ను మళ్ళీ అమ్మకానికి పెట్టారు. పసిపిల్లని ఎత్తుకుని ఒక జంట వచ్చింది. మీటరు చూసి మురిసిపోయారు. "అమ్మా, ఈపాలి నోరు మెదపకు" అని హారిక చెవిలో చెప్పింది. పైడమ్మ పెదవులు బిగబట్టి నిలబడింది. ఆ పసిపిల్ల నా స్టీరింగు పట్టుకుని నవ్వింది. అంతే. పైడమ్మ లోపలికెళ్ళి పసుపూ కుంకుమా తెచ్చింది. మీటరు సంగతి, తుప్పు పట్టిన నేల సంగతి, కారుతున్న బ్రేకు గొట్టం సంగతి అంతా చెప్పేసింది. ఆ జంట దండం పెట్టి వెళ్ళిపోయారు. ఇంట్లో రెండు రోజులు ఆవిడతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఆవిడా తలెత్తలేదు.

"సెప్పి అమ్మితే ఎవరూ కొనరు. సెప్పకుండా అమ్మితే నాకు నిద్దరట్టదు. తుక్కుకే ఇచ్చేయండి" అంది చివరికి.

నన్ను కాటా ఎక్కించేముందు కూడా పైడమ్మ బొట్టు పెట్టింది. తుక్కు దుకాణంవాడు వింతగా చూశాడు.

"రెండో గేరు బిగువు" అని వాడికి చెప్పింది. "మా ఇంటాయన్ని మాత్రం ఏనాడూ దారిలో దింపలేదు."

"విరగ్గొట్టేదానికి గుణమెందుకమ్మా?" అన్నాడు వాడు.

 ఆవిడ నా బానెట్టు మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ మీటరు ఎవరూ చూడరు. ఆ అబద్ధపు అంకె ఇంకా నా లోపలే ఉంది. పైన, నుదుటి మీద, ఆవిడ పెట్టిన బొట్టు కూడా ఉంది. వాన పడితే ఏది ముందు పోతుందో నాకు తెలుసు. అందుకే మబ్బు పట్టిన ప్రతిసారీ, అలవాటు చొప్పున, భయపడుతూనే ఉన్నాను.